కాలనీలోకి సూపర్ మార్కెట్ వస్తుందంటే: నెల్లూరు వీధుల్లో ఎవరి మాట ఎందుకలా ఉంటుంది

నెల్లూరులో హరనాథపురం వైపో, బాలాజీనగర్, వేదాయపాళెం వైపో పాత కల్యాణ మండపం పడగొట్టి చుట్టూ రేకులు కట్టారంటే, వారం తిరక్కుండా కబురు పాకిపోతుంది, అక్కడ సూపర్ మార్కెట్ వస్తోందంట అని. ఒంగోలు రామ్‌నగర్ లైన్లలోనూ, లాయర్‌పేటలోనూ, కావలిలోనూ ఇదే వరస. బోర్డు పడకముందే వీధి రెండు జట్లవుతుంది. "రానీయండి, అన్నీ ఒక్కచోట దొరుకుతాయి, రేటూ తగ్గుతుంది" అని కొందరు. "మన వీధిలో అంగళ్లు మూతపడతాయి, రోడ్డంతా బండ్లే నిలబడతాయి" అని కొందరు.

ఈ మాటల్ని కొత్తదనం మీద మోజుగానో, పాత అలవాటు మీద మమకారంగానో తీసిపారేయడం తేలిక. కాస్త నిదానంగా వింటే వేరే సంగతి తెలుస్తుంది. ఇంట్లోకి డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందో, ఆ ఇల్లు ఆ స్థలానికి ఎంత దూరంలో ఉందో, ఈ రెండింటిని బట్టే మనుషుల మాట ఉంటోంది. ఒకటో తారీఖున జీతం పడే ఇల్లు ఒక రకంగా మాట్లాడుతుంది. సాయంత్రం కూలి చేతికొచ్చే ఇల్లు ఇంకో రకంగా. ఆ స్థలానికి గోడ ఆనుకుని ఉన్న ఇల్లు మరో రకంగా. ముగ్గురు చెప్పేదీ నిజమే. కాకపోతే 'కాలనీ అభిప్రాయం' పేరుతో బయటికొచ్చేది చాలాసార్లు మొదటి ఇంటి మాట ఒక్కటే.

ముందు ధర సంగతి. సూపర్ మార్కెట్ కావాలనేవాళ్లు మొదట చెప్పేది ఇదే, అందులో పస ఉంది. సబ్బులు, పేస్టు, బిస్కెట్లు, బట్టల పొడి, నూనె ప్యాకెట్ల మీద పెద్ద దుకాణం ఎంఆర్‌పీ కంటే తగ్గించి అమ్మగలదు. ఎందుకంటే కంపెనీ దగ్గరే లారీల లెక్కన కొంటుంది. అదే సబ్బు వీధి అంగడికి రావాలంటే కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కడినుంచి సేల్స్‌మన్ చేతి మీదుగా అంగడికి రావాలి. లేదంటే అంగడాయన స్టోన్‌హౌస్‌పేటకో చిన్నబజారుకో బండేసుకుని పోయి హోల్‌సేల్ కొట్లో తెచ్చుకోవాలి. మజిలీ మజిలీకీ ఒకరి కూలి, ఒకరి లాభం ధరలో కలుస్తూ పోతాయి. పెద్ద దుకాణం అమ్మే రేటుకు మాకు సరుకే పడదని చిన్న వ్యాపారులు వాపోయేది ఇందుకే. పెద్ద సంస్థలకు ఒక రేటు, మాకు ఒక రేటా అంటూ 2022 జనవరిలో మహారాష్ట్ర పంపిణీదారులు కోల్గేట్ సరుకుల్లో కొన్నింటిని ఆపేసి ఆందోళనకు దిగారు. కాబట్టి వీధి అంగడాయన ఎంఆర్‌పీకి అమ్మితే దాన్ని ఆశ అనుకోవడం అన్యాయం.

అయితే నెల వెచ్చాలన్నీ ప్యాకెట్లు కావు. నెల్లూరు ఇళ్లలో పెద్ద పద్దు బియ్యానిది. చాలామందికి అవి పల్లెలో కౌలుకిచ్చిన పొలం నుంచో, బంధువుల కళ్లం నుంచో, తెలిసిన మిల్లు నుంచో వస్తాయి. ధాన్యాన్ని ఇప్పటికీ 850 కిలోల పుట్టి లెక్కన బేరమాడే జిల్లా ఇది. ఎన్‌ఎల్‌ఆర్ 34449 లాంటి సన్న రకం ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. పాతవా కొత్తవా, అన్నం పొడిగా వస్తుందా ముద్దవుతుందా అని గుప్పెట్లో పోసుకుని చూసి కొనే ఊళ్లో, సీలేసిన ఐదు కిలోల సంచి అంత తేలిగ్గా చెల్లదు. దానికి తోడు, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. మిల్లర్లు వెంటనే 26 కిలోల బస్తా తెచ్చారు. బస్తా కొనే ఇంటికి ఆ పన్ను లేదు, చిన్న సంచి కొనే ఇంటికి ఉంది. పాల ప్యాకెట్లు తెల్లారేసరికి బూత్ దగ్గరుంటాయి. చేపలకు ఎవరి బజారు వాళ్లకుంది. ఇవన్నీ తీసేస్తే సూపర్ మార్కెట్ తగ్గించగలిగేది బిల్లులో ఒక భాగాన్నే. పైగా అక్కడ బుట్ట పట్టుకుని నాలుగు వరసలు తిరిగితే చీటీలో లేనివి కూడా బుట్టలో పడతాయి. నూనె ప్యాకెట్లు కొన్ని చూడటానికి లీటరులాగే ఉంటాయి, లోపలుండేది లీటరుకు తక్కువ. గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలనే నిబంధన ఇప్పుడు ఉంది. 'ఇంత తగ్గింపు' అన్న స్టిక్కర్ వదిలేసి ఆ చిన్నక్షరాలు చూస్తే అసలు లెక్క తెలుస్తుంది.

ధర గురించి ఎంత మాట్లాడినా, అసలు విషయం అరువు దగ్గర ఉంది. వీధి అంగడి గల్లాపెట్టె పక్కన పొడవాటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఇంటికో పేజీ. పేజీ పైన చాలాసార్లు పేరు కూడా ఉండదు, 'మేడమీద టీచరమ్మ', 'ఆటో ఆయన', 'మేస్త్రీ వాళ్లిల్లు' అని ఉంటుంది. కింద తారీఖు, కందిపప్పు పావు, నూనె పది రూపాయలు, గుడ్లు రెండు, షాంపూ ప్యాకెట్లు మూడు. వారానికో, పది రోజులకో కొంత కట్టి మిగతాది 'నిలవ' అని రాయించుకుంటారు. వడ్డీ మాట ఎవరూ ఎత్తరు. ఆ వడ్డీ ఎంఆర్‌పీ తగ్గించకపోవడంలోనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. నెల్లూరులో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో సెంట్రింగ్ పనులు ఆగిపోతాయి, మేస్త్రీకి, కూలికి పని ఉండదు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పుస్తకం మీదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, జాతీయ రహదారి తెగి ఊరు చుట్టూ రాకపోకలు స్తంభించాయి. అలాంటి వేళ నడిచిపోయేంత దూరంలో, మొహం చూసి సరుకిచ్చే అంగడి ఉండటం విలువేమిటో చెప్పక్కర్లేదు.

సూపర్ మార్కెట్‌లో అరువు లేదంటారు గానీ, అది పూర్తి నిజం కాదు. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు అక్కడా అరువు ఉంది, అదీ నెలకు పైగా. జీతం రసీదు చూపించగలిగిన ఇంటికి బ్యాంకు ఇచ్చే అరువు అది. కూలి ఇంటికి ఆ కార్డు రాదు, పుస్తకంలో పేజీ ఒక్కటే దిక్కు.

జీతం ఇళ్లు చాలావరకు గమనించని లంకె ఒకటి ఇక్కడే ఉంది. ఆ పుస్తకం నడవాలంటే అంగడాయన చేతిలో రొక్కం ఉండాలి. హోల్‌సేల్ కొట్టువాడు వారానికోసారి డబ్బు అడుగుతాడు. ఆ రొక్కం వచ్చేది ఒకటో తారీఖున చీటీ పంపి నెల సరుకులు తీసుకుని ఫోన్‌పేలో వెంటనే డబ్బు వేసే ఇళ్ల నుంచి. అంటే టీచరమ్మ ఇచ్చిన రొక్కంతోనే మేస్త్రీ ఇంటి అరువు తిరుగుతోంది. ఓ పాతిక జీతం ఇళ్లు నెల చీటీని సూపర్ మార్కెట్‌కు మార్చాయనుకోండి. అంగడికి మిగిలేది అరువు ఖాతాలు, రాత్రి తొమ్మిదింటికి ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చే బేరాలు. రొక్కం తగ్గగానే ఆయన అంగడి మూసెయ్యడు. ముందు అరువు బిగిస్తాడు. "పాత బాకీ కట్టి కొత్తది రాయించుకోండి" అంటాడు. దెబ్బ మొదట తగిలేది సూపర్ మార్కెట్ మెట్లు ఎప్పుడూ ఎక్కని ఇంటికి.

పెద్ద దుకాణాల వల్ల చిన్న అంగళ్లకు ఏమవుతుందన్న దాని మీద కేంద్ర ప్రభుత్వం కోరగా ఇక్రియర్ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. పెద్ద దుకాణానికి దగ్గర్లో ఉన్న అంగళ్ల అమ్మకాలు, లాభాలు మొదటి ఏళ్లలో తగ్గాయనీ, రానురాను ఆ దెబ్బ పలచబడిందనీ, కేవలం ఈ పోటీ వల్ల మూతపడ్డవి ఏడాదికి 1.7 శాతమేననీ అందులో ఉంది. అంగళ్లు కుప్పకూలిపోతాయన్న భయానికి ఇది మంచి జవాబు. కానీ ఆ శాతం మూతపడిన అంగళ్ల లెక్క. షట్టర్ తెరిచే ఉండి పుస్తకం మూసేసిన అంగడి ఆ లెక్కలోకి రాదు. కాలనీలో పేదవాళ్ల ఇబ్బంది కొలవాలంటే చూడాల్సింది షట్టర్లు కాదు, ఆ పుస్తకంలో పేజీలు.

ఇంతవరకు చెప్పింది విని వీధి అంగడిని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. సూపర్ మార్కెట్ కావాలని గట్టిగా చెప్పేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కనిపిస్తారు. వాళ్లు చెప్పే కారణాల్లో ధర మూడోదో నాలుగోదో. అంగడి ముందు నలుగురు మగవాళ్లు నిలబడి ఉంటే శానిటరీ ప్యాడ్లు అడగడం, ఆయన వాటిని పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇవ్వడం ఎంత ఇబ్బందో పడేవాళ్లకే తెలుసు. అరల్లోంచి తామే తీసుకుని, గడువు తేదీ చదువుకుని, వద్దనుకుంటే తిరిగి పెట్టేసే వీలు చిన్నది కాదు. అరువు పుస్తకానికి ఇంకో ముఖం కూడా ఉంది. బాకీ ఉన్న ఇంటి పిల్లను నలుగురిలో "మీ నాన్నను డబ్బులు కట్టమను" అన్నమాట ఆ పిల్ల మరిచిపోదు. ఎవరింట్లో ఏం వండుకుంటున్నారు, ఎవరు ఎన్నాళ్లుగా కట్టలేదు, ఎవరిది ఏ కులం, అన్నీ తెలిసిన అంగడి అది. అవేవీ తెలియని, అడగని కౌంటరు కొందరికి ఊపిరి పీల్చుకునే చోటు. ఒకే రేటు, అందరికీ ఒకే వరస. ఇది అనుభవంలోంచి వచ్చిన కోరిక. దీన్ని పట్నవాసపు సోకు అనేవాళ్లు ఆ అవమానం ఎప్పుడూ పడి ఉండరు.

అలాగని ఆ తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోదు. ఇళ్లలో పనిచేసే అమ్మ చేతిలో సంచితో లోపలికి వెళ్తుంటే గార్డు చూసే చూపు, బయటికొచ్చేటప్పుడు బిల్లు మీద రెండుసార్లు టిక్కు పెట్టడం చాలామంది గమనించే ఉంటారు. పదిరూపాయల నూనె అక్కడ దొరకదు.

గోడ పక్క ఇళ్ల అభ్యంతరం వేరు. వాళ్లకు అంగళ్ల బతుకు మీద పెద్ద చింత ఉండకపోవచ్చు. వాళ్ల బాధ రోడ్డు. హరనాథపురం, రామ్మూర్తినగర్ లోపలి వీధులు ఇద్దరు కార్లవాళ్లు ఎదురుపడితే ఒకరు వెనక్కి తీయాల్సినంత ఇరుకుగా ఉంటాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ స్కూటర్లు రెండు వరసల్లో నిలిచాయంటే, అంబులెన్స్ మాట అటుంచి, ఇంటి గేటు తెరవడమే కష్టం. తెల్లవారుజామున సరుకు వ్యాను వచ్చి ప్లాస్టిక్ ట్రేలు దించుతుంది, ఇనుప తలుపు చప్పుడు, హమాలీల కేకలు. వెనకవైపు ఏసీల, ఫ్రీజర్ల బయటి యూనిట్లు పక్కింటి పడకగది కిటికీకి ఎదురుగా రోజంతా వేడిగాలి వదులుతాయి. కరెంటు పోతే జనరేటర్. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ చుట్టలు కాలవ పక్కన పేరుకుంటే నవంబరు వానకు నీళ్లు వీధిలోకే తన్నుకొస్తాయి.

ఇవి గొణుక్కుని ఊరుకోవాల్సినవి కావు, చట్టంలో జవాబు ఉన్నవి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు 2017లో వచ్చాయి. రోడ్డు వెడల్పును బట్టి ఎంత ఎత్తు కట్టవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, వాణిజ్య భవనానికి సొంత స్థలంలో ఎంత పార్కింగ్ చూపాలి అన్నవి అందులో ఉన్నాయి. లోపం నిబంధనలో కంటే ఆ తర్వాతి దశలో ఉంది. ప్లానులో సెల్లారు పార్కింగ్‌గా ఉంటుంది. దుకాణం తెరిచిన కొన్నాళ్లకు అది గోడౌన్ అవుతుంది. బండ్లు రోడ్డు మీదికొస్తాయి. ఒకసారి లక్షల సరుకు లోపల పడ్డాక దాన్ని ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు. మినీ బైపాస్ మీదో, పొదలకూరు రోడ్డు మీదో వస్తే పెద్దగా ఇబ్బంది ఉండని దుకాణం, అదే సైజులో లోపలి వీధిలోకి వస్తే వీధినంతా మింగేస్తుంది. ఈ ఒక్క విషయంలో గోడ పక్క ఇళ్లవాళ్లతో కాలనీ అంతా నిలబడాలి, కొనేవాళ్లు కూడా.

ఉద్యోగాల మాటకొస్తే, డిగ్రీ ఆపేసిన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇంటికి దగ్గర్లో పని దొరకడం మేలే. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట పీఎఫ్ వర్తిస్తుంది, వీధి అంగడిలో పొట్లాలు కట్టే కుర్రాడికి అలాంటిదేమీ ఉండదు. రోజంతా నిలబడే ఉండాలన్నది మాత్రం ఈ పనిలో పెద్ద కష్టం. కేరళ 2018లో, పొరుగున తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టాలు సవరించుకున్నాయి. కొత్త దుకాణం యాజమాన్యాన్ని కౌంటరు వెనక స్టూలు వెయ్యమని అడగడానికి కాలనీవాళ్లకు మొహమాటం అక్కర్లేదు.

తోపుడుబండ్ల గురించి ఈ చర్చల్లో ఒక్క ముక్క వినపడదు. కూరగాయల బండి, అరటిపళ్ల బండి, ఆకుకూరల గంప దించుకునే అవ్వ, వీళ్లకు స్థలమే పెట్టుబడి. సూపర్ మార్కెట్ ముందు పార్కింగ్ గీతలు గీయగానే మొదట వెళ్లగొట్టేది వీళ్లనే. ఫతేఖాన్‌పేట రైతుబజారు లాంటివి 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం నుంచి వచ్చినవి. దూరపు కాలనీల్లో ముసలివాళ్లు రోజూ అంతదూరం పోలేరు, గుమ్మం ముందుకొచ్చే బండే వాళ్లకు రైతుబజారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ధ్రువపత్రం ఉన్న వ్యాపారిని చోటు మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సూపర్ మార్కెట్‌కు సరేననే ముందు ఆ నాలుగు బండ్లకు చోటు ఎక్కడో తేల్చుకోవడం కాలనీ పని.

పెద్ద దుకాణం వచ్చిందంటే శాశ్వతంగా ఉంటుందని కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఇద్దరూ అనుకుంటారు. ఈ వ్యాపార చరిత్ర అలా చెప్పదు. 1997లో చెన్నైలో మొదలై దేశమంతా 1,600కు పైగా దుకాణాలు తెరిచిన సుభిక్ష 2009లో కుప్పకూలింది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన త్రినేత్రను ఆదిత్య బిర్లా సంస్థ కొని 'మోర్' చేసింది. హెరిటేజ్ ఫ్రెష్ 2016లో ఫ్యూచర్ సంస్థకు అమ్ముడైంది, ఆ ఫ్యూచర్ రిటైల్ 2022కల్లా దివాలా ప్రక్రియలో పడింది. దుకాణం వచ్చి అంగళ్లు పోయి, ఆ తర్వాత దుకాణమూ పోతే, మళ్లీ అంగడి పెట్టేవాడు పుస్తకంలో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఎవరు కడతారు, ఎవరు ఎగ్గొడతారు అన్న తెలివిడి రాత్రికి రాత్రి రాదు.

ఇక ఎవరి మాట ఎక్కడ చేరుతోంది? అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు ఆదివారం ఉదయం సెల్లారులో జరుగుతుంది. ఓనర్లు వస్తారు. అద్దెకున్నవాళ్లకు పిలుపు ఉండదు. అదే సమయానికి ఇళ్లలో పనిచేసే ఆమె రెండో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది, మేస్త్రీ సైటు మీద ఉంటాడు, వీధి అంగడాయనకు అది గిరాకీ వేళ. అక్కడ చేసిన తీర్మానం పేపర్లో 'స్థానికుల అభిప్రాయం' అవుతుంది. అనుకూలంగా వచ్చినా వ్యతిరేకంగా వచ్చినా అది సగం వీధి అభిప్రాయమే. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ చెబుతోంది. 54 డివిజన్ల నెల్లూరుకు అది వర్తిస్తుంది. ఇలాంటి చర్చకు సరైన చోటు అది. మీటింగు సాయంత్రం ఏడు తర్వాత, అంగళ్లవాళ్లూ బండ్లవాళ్లూ వచ్చే వీలుతో పెట్టాలి.

అడగాల్సినవి అడిగే సమయం కూడా ముఖ్యమే. దుకాణం తెరిచాక ధర్నా చేస్తే పేపర్లో ఫొటో వస్తుంది, అంతే. పునాది తీస్తున్నప్పుడే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, ఆ స్థలం మాస్టర్ ప్లానులో నివాస జోనులో ఉందా వాణిజ్యంలోనా, ఏ వాడకానికి అనుమతి ఇచ్చారు అని అడగొచ్చు. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్లాను నకలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే దానికి నంబరు పడుతుంది. ఆ అర్జీలో 'మాకు సూపర్ మార్కెట్ వద్దు' అని ఒక్క వాక్యం రాసి అరవై సంతకాలు పెడితే పక్కన పడేయడం ఎవరికైనా తేలిక. సెల్లారు పార్కింగ్‌గానే ఉంటుందని, సరుకు వ్యాను స్థలం లోపలే దించుతుందని, ఉదయం ఆరుకు ముందు దించదని, జనరేటరు, ఏసీ యూనిట్లు ఏ వైపు పెడతారో ప్లానులో చూపించారని, బండ్లవాళ్లకు చోటు గుర్తించారని, ఇవన్నీ తేలేదాకా భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారు, వాడుకోవచ్చు అనే పత్రం), దుకాణానికి ట్రేడ్ లైసెన్సు ఇవ్వొద్దని రాస్తే అధికారి ఒక్కోదానికీ అవునో కాదో జవాబు చెప్పాల్సి వస్తుంది.